చీమల గదిలో మా తోటికోడలు

మా తోటికోడలు ముప్పై ఒక్క ఏళ్ళు చీమలకు తిండి పెట్టింది. ఇంట్లో మనుషులకు పెట్టింది దీనికి అదనం. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. తర్వాత, "చీమలకు ఒకళ్ళు పెట్టడమేంటండీ, అవే వచ్చి పంచదార డబ్బాలో పడతాయిగా" అంటారు. ఈ జోకు వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి. అన్న ప్రతివాళ్ళూ అది తామే కనిపెట్టినట్టు మొహం పెడతారు.

ఆవిడ నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అక్కా అని పిలుస్తాను. మాది ఒకే ఇల్లు, కింద వాళ్ళు, పైన మేము. వంటిల్లు మాత్రం ఒక్కటే, కింద ఉంది. మా ఆయన లారీ తోలుతూ నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటారు కాబట్టి ఈ కథలోకి రారు. వచ్చినా పెద్ద తేడా ఉండదు.

ఇంట్లో ఎప్పుడూ ఉండేది బావగారు, అంటే అక్క మొగుడు. ఆయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసే దుకాణంలో పనిచేసేవారు. యజమాని ఏదో ఒక మాట అన్నాడట. ఆ మాట ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు కానీ అది పడ్డ రోజు నుంచి ఈయన ముందుగదిలో పడక్కుర్చీలో పడ్డారు. అది జరిగి ఇరవై మూడేళ్ళు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతి ఏమో కానీ, ఈయన మాత్రం కరగలేదు. అరవై నాలుగేళ్ళకు ముఖం మీద ఒక్క ముడత లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు, "అబ్బ, మీ బావగారు ఎంత కుర్రగా ఉన్నారో" అని నాతో అంటారు. అదే గుమ్మంలో నుంచి ఆఫీసు సంచీతో లోపలికొచ్చే అక్కను చూసి, "మీ అత్తగారా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

అక్క పొద్దున ఎనిమిదికి వెళ్ళిపోతుంది కాబట్టి ఆయనకు మధ్యాహ్నం కంచం తీసుకెళ్ళే పని నాది. పందొమ్మిదేళ్ళ కిందట నేను ఈ ఇంటికి వచ్చిన వారం నుంచీ నాదే. "అమ్మాయ్, పన్నెండున్నర" అని ముందుగదిలోంచి కేక వస్తుంది. గడియారాల దుకాణంలో నేర్చుకున్న విద్య ఆ ఒక్కదానికి పనికొస్తోంది.

అక్క పనిచేసేది ఒక పరిశోధన సంస్థలో. కాగితాల మీద అటెండరు. మూడో అంతస్తులో, మెట్ల పక్కన, కిటికీ లేని గది ఆవిడది. నేను మూడుసార్లు వెళ్ళాను. గోడలకు ఇనుప షెల్ఫులు, వాటి మీద వరసగా గాజుపెట్టెలు, ఒక్కో పెట్టెలో రెండు గాజుపలకల మధ్య గోరుమందం సందు. ఆ సందులో ఒక కాపురం ఉంటుంది. ఇవి మన వంటింట్లో తిరిగే జాతి కాదు. బియ్యపుగింజలో సగం కూడా ఉండవు. చెట్టు నుంచి రాలి పుచ్చిపోయిన గట్టి కాయ ఒక్కటి దొరికితే చాలు, అందులో ఓ రాణి, వంద మంది పనికత్తెలు, వాళ్ళు పెంచే పిల్లలు, అందరూ సర్దుకుంటారు. అక్క కాయలు ఏరుకొచ్చి, పగలగొట్టి, లోపలివాళ్ళను గాజులోకి మారుస్తుంది. తేనెనీళ్ళు, కోసిన మిడత ముక్క పెడుతుంది. ఒక్క వెంట్రుక కట్టిన పుల్లతో చీమ నడుము మీద రంగుచుక్క వేస్తుంది. రోజూ పొద్దున చచ్చినవి తీసి, ఏ గూటిది, ఏ చుక్కది, ఎన్నాళ్ళు బతికింది అని రిజిస్టర్లో రాస్తుంది. ఆ చేతులు చూస్తే నాకు ముచ్చట. బయట గిన్నె పట్టుకుంటే వణికే చేతులు అక్కడ వెంట్రుక పట్టుకుంటే వణకవు.

ఈ పని ఆవిడకు నేర్పింది ముందున్న పెద్దమేడమ్. ఆవిడ రిటైరై వెళ్ళిపోయింది. చీమల వయసు గురించి అక్కకు తెలిసిందంతా ఆవిడ పెట్టిన భిక్షే. అక్క ఆ సంగతులన్నీ కూరగాయలు తరుగుతూ నాకు చెప్పేది.

"ఒకే తల్లి, ఒకే గుడ్ల కుప్ప చెల్లీ. చిన్నప్పుడు తిండి ఎక్కువ అందిన పిల్ల రాణి అయి ఇరవై ఏళ్ళు బతుకుతుంది. తక్కువ అందింది పనికత్తె అయి రెండేళ్ళకో మూడేళ్ళకో పోతుంది. పుట్టుకలో తేడా ఏం లేదు."

"గుడ్లన్నీ పెట్టేది రాణే కదా. కన్నదానికే ఒళ్ళు హూనం కావాలి గదా?"

"అదే చిత్రం. అది లోపల చీకట్లో భద్రంగా ఉంటుంది. దాని ఒంట్లో ఏది పాడైనా మరమ్మతు అవుతూనే ఉంటుంది. బయటికెళ్ళేదాన్ని ఎలాగూ ఏ సాలీడో తింటుంది. ఇవాళో రేపో పోయే ఒంటికి మరమ్మతు దండగ కాదూ? అందుకని వాటికది ఉండదు."

"మరి బయటికి ఎవరు వెళ్తారు?"

"ముసలివి. వయసులో ఉన్నవి లోపల పిల్లల్ని చూసుకుంటాయి. ఇంకెన్నాళ్ళో బతకనిదాన్ని పంపితే గూటికి నష్టం తక్కువ."

నాకు ఒళ్ళు మండింది. ఇంత తెలివి చీమలకెందుకు, మనుషులకు చాలదా అన్నాను. అక్క నవ్వి, చేటలోని తొక్కలు ఎత్తి బయట పోయడానికి వెళ్ళింది.

పెద్దమేడమ్ స్థానంలోకి వచ్చినవాణ్ణి అందరూ డాక్టరుగారు అంటారు. జబ్బు కుదిర్చే డాక్టరు కాదు, చదువు డాక్టరు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు కానీ ఆ గదిలో శివుడు కూడా ఈయన్ని అడిగే రావాలి. ఆయన సూటు వేసుకుని చీమల గదికి వచ్చేవాడు. వారానికి ఒకసారి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, వాసన చూసినట్టు ముక్కు ఎగరేసి వెళ్ళేవాడు. ఆయనకు ఒక సిద్ధాంతం ఉంది. రాణికి చిన్నప్పుడు అందే తిండిలో ఉన్న ఏదో సారం పెద్దయ్యాక పనికత్తెకు పెట్టినా ఆయుష్షు పెరుగుతుందట. ఆ సారం తానే కాచాడు. గోధుమరంగు పాకంలా ఉంటుంది. ప్రయోగం చాలా తేలిక. ఇరవై గూళ్ళకు మామూలు తేనెనీళ్ళు, ఇరవై గూళ్ళకు పాకం. ఎవరు ఎక్కువ కాలం ఉంటారో చూడటమే.

నలభై గూళ్ళూ ఏరుకొచ్చింది అక్కే. మొదటి ఇరవై కాయలు తూర్పు దిబ్బ మీద ఏరింది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. దిబ్బ బురదైపోతే మిగిలిన ఇరవై లైబ్రరీ వెనక, ఎండిపోయిన ఒక చెట్టు చుట్టూ ఏరింది. పెద్దమేడమ్ ఉంటే ఏం చేయాలో అక్కకు తెలుసు. రెండు చోట్ల నుంచి వచ్చినవాటిని పేకముక్కల్లా కలిపి, అప్పుడు రెండు షెల్ఫులకు పంచాలి. లేకపోతే రేపు కనిపించే తేడా తిండిదో, చోటుదో తేలదు. చీమల గదిలో అది అ ఆలు. కానీ డాక్టరుగారు మొదట వచ్చినవి పై షెల్ఫులో, తర్వాత వచ్చినవి కింది షెల్ఫులో సర్దించి, కింది షెల్ఫుకు పాకం మొదలుపెట్టించాడు.

"కలపొద్దా సార్?" అని అక్క అడిగింది.

"కలిపి మళ్ళీ నంబర్లేయాలంటే వారం పోతుంది. చీమ ఎక్కడిదైనా చీమే. నువ్వు తిండి సంగతి చూడు."

అక్క తిండి సంగతి చూసింది. రిజిస్టర్లో మాత్రం ప్రతి గూటి పక్కనా చిన్న అక్షరంతో "తూ" అనో "లై" అనో రాసుకుంది. దానికి ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి కింది షెల్ఫులో వింత మొదలైంది. కొన్ని చీమలు పసుపుపచ్చగా ఉన్నాయి. తక్కినవన్నీ ముదురు గోధుమరంగు. పసుపువి గూట్లోంచి కదలవు, పిల్లల్ని చూడవు, బయటికి పోవు. పక్కవి వచ్చి నోటికి అందిస్తాయి, ఒళ్ళు నాకుతాయి, గూడు మార్చాల్సి వస్తే ఎత్తుకుపోతాయి. రాణిని కూడా అంత ముద్దు చేయవట. రెండేళ్ళు గడిచాయి, మూడో ఏడూ వచ్చింది. పై షెల్ఫులో రంగుచుక్కలు వేసిన చీమలు ఒక్కొక్కటే రాలిపోయాయి. కింద పసుపువి మాత్రం రాణితో సమానంగా ఉన్నాయి, చెక్కు చెదరలేదు.

డాక్టరుగారు ఎగిరి గంతేశాడు. చీమ పుట్టిన కొత్తలో కొద్దిరోజులు లేత పసుపుగా ఉంటుంది, తర్వాత ముదురుతుంది. కాబట్టి పసుపు అంటే పసితనం, తన పాకం వాటిని పసితనంలోనే నిలబెట్టేసింది అని ఆయన తేల్చాడు. పత్రికలవాళ్ళు వచ్చారు. నిత్యయౌవనం అని రాశారు. ఫొటోలో ఆయన గాజుపెట్టె ఎత్తి పట్టుకున్నాడు, తలకిందులుగా. లోపల కాపురం చెల్లాచెదురై, అక్క మూడు రోజులు సర్దింది.

అక్క రిజిస్టరు ఇంకో మాట చెబుతోంది. కింది షెల్ఫులోనే, అదే పాకం తాగిన గోధుమరంగు చీమలు పై షెల్ఫువాటికంటే ముందే చస్తున్నాయి. పాకమే ఆయుష్షు అయితే వాటికేమైంది? పసుపువాటికి చాకిరీ చేసి చేసి పోతున్నాయి. ఇది డాక్టరుగారు లెక్కలోకి తీసుకోలేదు. చచ్చినవాటిని చూడ్డం ఆయనకు అలవాటు లేదు.

ఒకరోజు ఎప్పుడూ లేనిది ఒక పసుపు చీమ చనిపోతే అక్క దాని పొట్ట చీల్చి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. లోపల తెల్లటి సంచులు, ముప్పైకి పైగా ఉన్నాయి. బద్దెపురుగు పిల్లలు. పెద్దమేడమ్ ఎప్పుడో ఒకసారి ఈ సంగతి చెప్పిందట. ఆ పురుగు పెద్దయ్యేది వడ్రంగిపిట్ట కడుపులో. పిట్ట రెట్టలో దాని గుడ్లు పడతాయి. చీమలు ఆ రెట్ట తెచ్చి పిల్లలకు పెడతాయి. పురుగున్న పిల్ల పసుపుగా పెరుగుతుంది, పని చేయదు, అందరిచేతా సేవ చేయించుకుని ఏళ్ళ తరబడి బతుకుతుంది. లైబ్రరీ వెనకున్న ఎండుచెట్టు నిండా వడ్రంగిపిట్ట తొలిచిన బొరియలే. అంతా ఒకచోట కలిసింది.

అక్క ఆ గాజుముక్క తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించింది. ఆయన సూక్ష్మదర్శినిలో ఎంతసేపు చూశాడని అడిగాను. "తలుపు దగ్గర చెప్పు విడిచినంతసేపు" అంది.

"కొవ్వు. బాగా తిన్న చీమకు కొవ్వు ఉండదా?" అన్నాడట.

చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చు, కనీసం ఊపిరి బాగుపడుతుంది. చదువుకున్న చెవిటివాడి ముందు అదీ లేదు.

అప్పటికి అక్కకు అరవై నిండటానికి మూడు నెలలుంది. రిటైరైతే ఇంటికి రావాలి. ఇల్లంటే ఆవిడకు ఏం కనిపించేదో నాకు బాగా తెలుసు. పొద్దున్నుంచి రాత్రి దాకా ముందుగదికీ వంటింటికీ మధ్య తిరగటం, పడక్కుర్చీ పక్కన మంచినీళ్ళు పెట్టటం, అది ఒక జానెడు దూరం పెడితే దగ్గరికి జరపటం. ఆ కిటికీ లేని గదే ఆవిడకు కిటికీ. ఇంకో రెండేళ్ళు పొడిగింపు ఇమ్మని అర్జీ పెట్టుకుంది. అది డాక్టరుగారు రాసే ఒక్క వాక్యం మీద ఉంది.

ఆయన పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి పొడిగింపుకు సిఫారసు. రెండోది టైపు చేసిన వాంగ్మూలం. నలభై గూళ్ళూ తూర్పు దిబ్బ మీదే సేకరించి, కలిపి పంచడమైనదని అందులో ఉంది. కొత్త రిజిస్టరు కూడా రాయించాడు. అందులో "తూ", "లై" అక్షరాలు లేవు.

"వచ్చే నెల మన పని చూడ్డానికి కమిటీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు ఇలాంటి చిన్న చిన్న కాగితాలు కావాలి. ఆలోచించుకుని సంతకం పెట్టి పంపించు. తొందరేం లేదు, రేపు పొద్దుటికల్లా" అన్నాడు.

అక్క ఆ సాయంత్రం నన్ను అడిగింది. మేమిద్దరం వంటింట్లో పీటల మీద కూర్చున్నాం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను, ఇంతసేపూ లోకాన్ని తిట్టినదాన్ని కాబట్టి.

"పెట్టెయ్ అక్కా. చీమలు ఎక్కడివైతే ఎవడికి కావాలి? నీ రెండేళ్ళు నీకొస్తాయి" అన్నాను.

"అబద్ధం కదే."

"ఎవరికి నష్టం? నువ్వేమైనా ఎవరి కొంపైనా ముంచుతున్నావా?"

ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. మర్నాడు సంతకం పెట్టింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి చిన్నదేం కాదు.

సిఫారసు వెళ్ళింది. డాక్టరుగారు సంతోషంతో అక్కకు ఒక సీసా పాకం ఇచ్చాడు. అది చూసి బావగారి కళ్ళు మెరిశాయి. రోజుకు రెండు చెంచాలు మొదలుపెట్టారు. వారానికల్లా మోకాళ్ళు తేలికయ్యాయన్నారు. ఏ మోకాళ్ళో నాకు అర్థం కాలేదు, వాటిని వాడిన గుర్తు ఎవరికీ లేదు.

"ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదమ్మాయ్" అన్నారు నాతో.

ఇప్పటిదాకా ఇచ్చిన ఏళ్ళతో ఏం పొడిచారని అడగబోయి కంచం పెట్టి వచ్చేశాను.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ. వాళ్ళు వచ్చిన రోజు చీమల గదిలో జరిగింది అక్క నాకు చాలాసార్లు చెప్పింది, నేనే అడిగి అడిగి చెప్పించుకున్నాను. డాక్టరుగారు గంటసేపు ఉపన్యసించాడు. అక్క గోడకు ఆనుకుని నిలబడింది. చివర్లో ఆయన తర్వాతి మెట్టు ఏమిటో చెప్పాడు. ఒక వృద్ధాశ్రమం ఒప్పుకుందట. నలభై మంది ముసలివాళ్ళు. వాళ్ళు ఇప్పుడు వేసుకుంటున్న మందులు మెల్లగా తగ్గించి, పాకం మీద పెడతారు.

"మందులు తగ్గించి" అన్న మాట దగ్గర తన చెవులు గింగుర్లెత్తాయంది అక్క. ఎవరికి నష్టమని నేను అడిగిన ప్రశ్నకు జవాబు నలభై పడకల మీద కూర్చుని ఉంది.

పొట్టిజుట్టు పెద్దావిడ వాంగ్మూలం తిరగేస్తూ, "ఇది ఎవరి సంతకం?" అని అడిగింది.

"మా అటెండరుదండీ. చాలా నమ్మకస్తురాలు" అన్నాడు డాక్టరుగారు. జీవితంలో ఆయన అక్కను మెచ్చుకున్న మొదటిసారి అదే.

"నాదేనమ్మా" అంది అక్క. "అందులో రాసింది మాత్రం నిజం కాదు. పై షెల్ఫువి తూర్పు దిబ్బవి, కింది షెల్ఫువి లైబ్రరీ వెనకవి. కలపలేదు. ఉద్యోగం కోసం పెట్టాను సంతకం."

గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. చిటుక్కుమనడానికి అక్కడ నాలుగువేల చీమలున్నా ఒక్కటీ సాహసించలేదు. అక్క సొరుగులోంచి పాత రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత కింది షెల్ఫులోంచి బతికున్న పసుపు చీమనొకదాన్ని పట్టుకారుతో తీసింది. దాన్ని చంపటం ఆవిడకు ఇష్టం లేదు. మూడేళ్ళు తాను పెంచినదే. పొట్ట చీల్చి, గాజు మీద పరిచి, జరిగి నిలబడింది.

పెద్దావిడ సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది. మగవాళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు చూశారు. డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూద్దామనుకున్నాడేమో, ఆ గదికి కిటికీ లేదు.

"కొవ్వు కాదండీ ఇది" అంది పెద్దావిడ.

ఇక్కడితో దుర్మార్గుడికి బుద్ధొచ్చిందని రాసుకోవాలని నాకూ ఉంది. వృద్ధాశ్రమం సంగతి ఆ రోజే ఆగిపోయింది, అంతవరకు నిజం. ఆ నలభై మందీ తమ మందులు తాము వేసుకుంటున్నారు, వాళ్ళకు ఈ కథ తెలియదు. కమిటీ నెల తిరక్కుండా నివేదిక పంపింది. పసుపు చీమల విషయం చాలా ఆసక్తికరంగా ఉందనీ, బద్దెపురుగు ఆతిథేయి ఆయుష్షును ఎలా పెంచుతోందో మరింత అధ్యయనం అవసరమనీ, అందుకు ప్రస్తుత డాక్టరుగారే తగినవారనీ రాసింది. ఆయన ఆ ఉత్తరం అందిన మర్నాడే పత్రికలవాళ్ళను పిలిచి, తనకు మొదటి నుంచీ ఆ పురుగు మీదే అనుమానం ఉందన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే జాతి. ఈసారి రెండూ అందాయి.

పొడిగింపు వచ్చింది. మూడేళ్ళు. ఆయనకు.

అక్కకు మూడు వరసల ఉత్తరం వచ్చింది. తప్పుడు వాంగ్మూలం మీద సంతకం చేసిన ఉద్యోగికి పొడిగింపు నిబంధనలకు విరుద్ధమట. రాయించినవాడి గురించి నిబంధనల్లో ఏమీ లేదు. ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, అయినా నీళ్ళు అవే కదా. సంతకం పెట్టమన్న నోరు నాదే.

"నీదేం లేదే. పెట్టింది నా చెయ్యి. ఆ మాట వెనక్కి తీసుకుందీ నేనే" అంది అక్క. ఆ మాటతో నాకు ఏడుపు ఎక్కువైంది.

ఆఖరి రోజు సంస్థవాళ్ళు గ్రూప్ ఫొటో తీశారు. ఫొటోలో అక్క సగమే ఉంది, మిగతా సగం డాక్టరుగారి మోచెయ్యి వెనక ఉంది. కానుకగా ఒక అట్టపెట్టె ఇచ్చారు. విప్పితే పన్నెండు సీసాల పాకం. స్టోరులో మిగిలిపోయిన సరుకు. బావగారు పెట్టెను పడక్కుర్చీ పక్కకు జరిపించుకుని, సీసాలు తానే లెక్కపెట్టుకున్నారు.

"అందులో ఏం లేదండీ. ఆ చీమలు బతికింది పురుగు వల్ల" అంది అక్క.

"నీకేం తెలుసు, నువ్వు అటెండరువి" అన్నారాయన.

ఆవిడ ఇంట్లో ఉన్న మొదటి సోమవారం. పొద్దున అలవాటు కొద్దీ ఎనిమిదికి సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే కాసేపు నిలబడి తిరిగొచ్చింది. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. వంట ఇద్దరం చేశాం. పన్నెండున్నరకు ముందుగదిలోంచి "అమ్మాయ్" అని కేక వచ్చింది. నేను కంచంలో వడ్డించి లేవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"రిజిస్టర్లో రాయని సంగతి ఒకటి చెప్పనా?" అంది. "పోయిన చలికాలం ఒక గూట్లోంచి గోధుమరంగువాటిని మొత్తం తీసి పక్కన పెట్టాను. పసుపువి, రాణి, అంతే మిగిలాయి. చూద్దామని. పాపం, చచ్చిపోతాయేమోననుకున్నా."

"చచ్చిపోయాయా?"

"రెండు రోజులు అట్లాగే కూర్చున్నాయి, మీసాలు ఊపుతూ. మూడో రోజు లేచి తేనె దగ్గరికి నడిచి వెళ్ళాయి. కాళ్ళు లేకనా చెల్లీ? పెట్టేవాళ్ళు ఉండి."

నేను చేతిలోని కంచం కేసి చూశాను. అక్క పొద్దున్నే వెళ్ళిపోయేది. రాత్రికి వచ్చేది. పందొమ్మిదేళ్ళు ప్రతి మధ్యాహ్నం ఈ కంచం మోసింది ఎవరు? బావగారిని నేను తిట్టినన్ని తిట్లు ఈ ఇంట్లో ఎవరూ తిట్టి ఉండరు. తిడుతూనే వడ్డించాను. ఒక్కపూట కూడా ఆలస్యం చేయలేదు.

కంచం పీట మీద పెట్టి కూర్చున్నాను. అక్క కూడా వడ్డించుకుంది. కేక రెండోసారి వచ్చింది, మూడోసారి కొంచెం గట్టిగా వచ్చింది. ఆ తర్వాత పేరు పేరునా ఇద్దర్నీ పిలిచారు. ఇంట్లో ఎవరైనా చచ్చారా అని కూడా అడిగారు. మేము కూర బాగుందని చెప్పుకున్నాం. నాకు మాత్రం ఏదో దొంగతనం చేస్తున్నట్టుంది.

మూడు రోజులు పట్టలేదు. ఒంటిగంటన్నరకు పడక్కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు ముందుగది దాటి, నడవా దాటి వచ్చింది. బావగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరి ఇంట్లోకో వచ్చినట్టు చుట్టూ చూశారు.

"గరిటె ఎక్కడుంటుంది?" అన్నారు.

అక్క ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు వేలు చూపించింది.